కుంభకం అన్న మాటకు అర్థం

పుణే సదాశివ్ పేఠ్‌లో ద్వారకా గద్రేను ఎరగనివాళ్ళు తక్కువ. ఎరిగినవాళ్ళలో చాలామంది ఆమె సైకిల్ తొక్కుతుండగా కంటే, దిగి నడిపించుకుంటూ పోతుండగానే ఎక్కువ చూసి ఉంటారు. దారి కాస్త ఎత్తుకు పోతే చాలు, దిగిపోయేది. ఆయాసానికి దిగినట్టు ఎవరికీ తెలియకూడదని ఏదో ఒక కొట్టు ముందు నిలబడి బోర్డు చదువుతున్నట్టు నటించేది. రొమ్ములో ఈల సద్దుమణిగాక మళ్ళీ ఎక్కేది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఆమెకు. వానలు మొదలైతే కిటికీ చువ్వలు పట్టుకుని గాలి కోసం తన్నుకులాడాల్సిందే. అయినా టాంగా ఎక్కమంటే ఎక్కేది కాదు. సైకిళ్ళ ఊరు పుణేలో పుట్టినదానికి టాంగా ఏమిటి అనేది.

ఆమె ఉద్యోగం శనివార్ పేఠ్‌లో, వాడా అనే పాతకాలపు పెద్ద లోగిలి ఒకదానిలో, మేడ మీద. సంస్కృత మాటలకు మరాఠీలో అర్థాలు చెప్పే పెద్ద నిఘంటువు అక్కడ తయారవుతోంది. మొదలుపెట్టినవాళ్ళు పోయారు, వాళ్ళ శిష్యులకు జుట్టు నెరిసింది, నిఘంటువు అప్పటికి 'క' దగ్గరికి వచ్చింది. అందులో ఎవరికీ సిగ్గు లేదు, పైగా అదో గొప్ప. తొందరగా అయిపోయే పని అయితే బొంబాయివాళ్ళే చేసుకునేవాళ్ళు కదా అని నవ్వుకునేవాళ్ళు. ఒక మాట ఏయే గ్రంథాల్లో వచ్చిందో వెతికి, ఆ వాక్యాలన్నీ ముందు పరుచుకుని, వాటిని బట్టే అర్థం రాయాలి. రాసేవాళ్ళ సొంత అభిప్రాయం ఒక్క అక్షరం కూడా దూరకూడదు. ఆ గదిలో ఉన్న ఒకే ఒక ఆడమనిషి ద్వారక. ఎం.ఏ.లో బంగారు పతకం తెచ్చుకున్న రోజే ఇక్కడికి వచ్చి పని అడిగింది.

శాస్త్రాల మాటలకు పెద్ద దిక్కు విష్ణుశాస్త్రి పటంకర్. అందరికీ శాస్త్రిబువా. పంచె, మెడదాకా గుండీలు పెట్టిన నల్లకోటు, కోటు జేబులో ముక్కుపొడి డబ్బీ. యోగశాస్త్రంలో సూత్రం, భాష్యం, భాష్యం మీద టీక, ఆ టీక మీద ఇంకొకరి తగాదా, అన్నీ ఆయన నోటనే ఉండేవి. ఎక్కడ ఆపినా అక్కడి నుంచి అందుకునేవాడు. బతుకులో ఒక్కసారైనా పద్మాసనం వేసిన పాపాన మాత్రం పోలేదు.

ఆ ఎండాకాలం ద్వారక బల్ల మీదికి 'కుంభకం' వచ్చింది. ప్రాణాయామంలో మాట అది. వాక్యాలన్నీ చూసి, 'ఊపిరిని లోపల బిగబట్టి ఉంచుట' అని ఆమె చిత్తు రాసి పెట్టుకుంది. అదే వారం నది ఒడ్డున సాయంత్రం ఉపన్యాసాలకు తల్లితో కలిసి వెళ్ళింది. ఆ రోజు మాట్లాడింది భాస్కర్‌రావ్ మోఘే. ఒకప్పుడు తాలీంఖానాలో కుర్రాళ్ళకు మల్లఖంబం, అదే స్తంభం మీద కసరత్తు, నేర్పినవాడు, తర్వాత నారాయణ్ పేఠ్‌లో యోగం తరగతులు పెట్టాడు. మనిషి గట్టివాడు, గొంతు ఇంకా గట్టిది.

"మన ఊళ్ళో ఒక కచేరీ ఉంది" అన్నాడు మోఘే గురూజీ. "అక్కడ కూర్చుని ప్రాణాయామం అంటే ఏమిటో రాస్తున్నారట. పనుండి నేనొకసారి వెళ్ళాను. మేడ మెట్లెక్కి వచ్చినవాళ్ళు వచ్చినట్టే రొప్పుతున్నారు. ఒక పెద్దాయనకు ముక్కు నిండా పొడే. ఊపిరి పోవడానికే దారి లేదు, దాని గురించి ఆయన రాసేదేముంది? చేసినవాడికి తెలుస్తుంది. చెయ్యనివాడు ఎన్ని పుస్తకాలు తిరగేసినా అంతే."

జనం గొల్లుమన్నారు. ముందు వరసలో కూర్చున్న శాస్త్రిబువా కూడా నవ్వాడు. ద్వారకకు మాత్రం చెవులు కాలిపోయాయి. మెట్ల మీద రొప్పేది అందరికంటే ఎక్కువ తనే.

మర్నాడు శాస్త్రిబువా ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "మొహం అలా పెట్టావేమ్మా? మోఘే మాటలకా?" అన్నాడు. "ముక్కుపొడి సంగతి నిజమే కదా."

"తక్కినది కూడా నిజమేనేమో శాస్త్రిబువా. మనం రాసేది మనకు తెలుసా?"

"మనకు తెలియాల్సింది మాట. ఆయనకు తెలియాల్సింది ఊపిరి. ఎవరి పని వాళ్ళది." ఆయన డబ్బీ తీసి ఒక పట్టు పట్టాడు. "కొన్నాళ్ళకు 'మ' వస్తుంది. మరణం అన్న మాటకు అర్థం రాయాలి. ముందు ఓసారి చచ్చి చూసొచ్చి రాస్తావా?"

గదిలో అందరూ నవ్వారు. ద్వారకకూ నవ్వొచ్చింది.

"మరణం మీకే వదిలేస్తాను" అంది. "ఊపిరిని బతికుండగా చూడొచ్చు కదా."

"చూసుకో, ఎవరొద్దన్నారు? కచేరీ వేళకు మాత్రం రా."

ఇంట్లో తల్లి అంత తేలిగ్గా వదల్లేదు. కోకంబాయి గద్రే మాటకు వాళ్ళుండే వాడా మొత్తం జంకేది. "ఉన్న ఊపిరే చాలక చస్తుంటే, దాన్ని ఆపడం నేర్చుకుంటానంటావేమే?" అంది, బియ్యం ఏరుతూ తలెత్తకుండానే. "పుస్తకంలో ఉన్నది రాసి జీతం తెచ్చుకో. పుస్తకం రాసినవాడు చేసే ఉంటాడుగా."

"చేశాడో లేదో అదే తెలియదు ఆయీ."

"అయితే వాణ్ణి అడుగు. నా కూతుర్నెందుకు ముందుకు తోస్తారు?"

అయినా ద్వారక వెళ్ళింది. పొద్దున్నే నారాయణ్ పేఠ్‌లో మోఘే గురూజీ చాపలు పరుస్తుంటే గుమ్మంలో నిలబడి, "నేను ఆ కచేరీ మనిషిని" అంది.

గురూజీ ఆమెను కింది నుంచి పై దాకా చూశాడు. "దెబ్బలాడ్డానికి వచ్చారా?"

"నేర్చుకోవడానికి."

"ఆ ఈల మీ రొమ్ములోంచేనా?"

అవునంది. ఆయన చేతిలో చాప కింద పెట్టి, ఇంకేమీ వేళాకోళం ఆడకుండా ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఊపిరి ఎట్లా పోతోందో చాలాసేపు చూశాడు. తర్వాత కచ్చితంగా చెప్పాడు. "మీకు బిగబట్టడం లేదు. మిగతావాళ్ళకు చెప్పినప్పుడు మీరు చెయ్యకూడదు. వదలడం ఒక్కటే మీ పని. మెల్లగా, ఎవరికో దారి ఇస్తున్నట్టు వదలండి. రావలసింది అదే వస్తుంది."

"నేను వచ్చిందే అది తెలుసుకోవడానికి గురూజీ."

"అయితే తెలియకుండానే పొండి. రేపు ఏదన్నా అయితే మీ ఆయీకి ఎవరు జవాబు చెప్తారు? ఆవిడ సంగతి నాకు తెలుసు."

అలా మొదలైంది. వానాకాలమంతా ద్వారక గోడకు ఆనుకుని ఊపిరి వదులుతూ కూర్చుంది. పక్కవాళ్ళు ముక్కులు మూసుకుని బుగ్గలు ఎర్రబారేలా బిగబడుతుంటే, బడిలో ఆటకు పనికిరాని పిల్లలా అనిపించేది. రెండు మూడుసార్లు మానేద్దామనుకుంది. కానీ తను మానేసిందని మోఘే గురూజీ ఇంకో ఉపన్యాసంలో చెప్తే? ఆ ఒక్క ఊహే ఆమెను పొద్దున్నే లేపి సైకిల్ ఎక్కించేది. ఆ రోజుల్లో ఆమెకు ఉన్న పట్టుదలలో సగం పౌరుషమే.

చలికాలం వచ్చింది. ఒక రోజు పొద్దున, పక్క గదిలో ఎవరో చాప దులుపుతున్నారు, బయట పాలవాడి బిందెలు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. ద్వారక ఊపిరి వదిలింది. తర్వాతిది రావాలి. రాలేదు. రాలేదని ఆమె గమనించేసరికే కాస్తసేపయింది. గుండె ఝల్లుమనాలి. చిన్నప్పటి నుంచీ ఊపిరి ఆగడమంటే ఆమెకు తెలిసింది ఒక్కటే: ఎవరో రొమ్ము మీద కూర్చున్నట్టు, గది గోడలన్నీ దగ్గరికి వచ్చినట్టు, తల్లి వీపు రాస్తూ దేవుణ్ణి తిట్టడం. అదేమీ లేదు ఇప్పుడు. బిందెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. లోపల మాత్రం ఏదీ కదలడం లేదు. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ ఆపలేదు, అదే ఆగింది. తర్వాత, పిలవకుండానే, అదే మొదలైంది.

కళ్ళు తుడుచుకుని గురూజీ దగ్గరికి వెళ్ళి చెప్పింది.

"ఆగిందా? మంచిది" అన్నాడాయన, ఏదో సామాన్యమైన సంగతి విన్నట్టు. "దాని వెంట పడకండి. రేపు రాకపోతే ఏడుస్తూ కూర్చోకండి." కానీ ఆయన మీసాల కింద నవ్వు దాగలేదు. "ఇప్పుడు పోయి చెప్పండి మీ శాస్త్రిబువాకు, అర్థమంటే ఇదీ అని."

ద్వారక ఆ రోజు కచేరీకి అందరికంటే ముందు వచ్చింది. పాత చిత్తు కొట్టేసి, 'ఊపిరి తనంతట తాను నిశ్చలమగుట' అని రాసి, శాస్త్రిబువా బల్ల మీద పెట్టింది. ఆయన చదివి, ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఏ గ్రంథంలో ఉంది ఇది?"

"నాకు తెలిసింది శాస్త్రిబువా. ఇవాళ పొద్దున..."

"చాలా సంతోషం. కానీ మన గ్రంథాల్లో నీ రొమ్ము లేదమ్మా." ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా మండింది. "అది అట్లా తనంతట తాను ఆగుతుందని తర్వాతివాళ్ళు చెప్పారు, నీకూ తెలుసు. కేవల కుంభకం అని దానికి వేరే పేరే పెట్టారు. ఆ మాటకు వేరే చోటు ఉంది. ముందు ఏ మాటా చేర్చకుండా ఒట్టి కుంభకం అన్నప్పుడు బిగబట్టడమే. కాదంటావా, వాక్యం చూపించు. చూపిస్తే నా చేత్తో నేనే రాస్తాను."

ఆ సాయంత్రం ద్వారక ఉక్రోషంతో నారాయణ్ పేఠ్ వెళ్ళి అంతా చెప్పింది. మోఘే గురూజీ పకపకా నవ్వాడు. "నేను చెప్పలేదూ? ఆ కాగితాలు వాళ్ళకు పారేసి ఇక్కడికి వచ్చేయండి. ఆడవాళ్ళ తరగతి మీకే అప్పగిస్తాను. ఆ పొద్దున మీకు తెలిసింది ఆ గదిలో ఒక్కడికి తెలుసా?"

ఆ మాట తియ్యగానే ఉంది. సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి వస్తూ ఆమె దాన్నే తలచుకుంది. లక్ష్మీ రోడ్డు దాటేసరికి ఇంకో ఆలోచన అడ్డం వచ్చింది. తనకు జరిగింది జరిగింది, అందులో అనుమానం లేదు. కానీ వెయ్యేళ్ళ కింద ఎవరో పెద్దమనిషి తాటాకు మీద కుంభకం అని గంటంతో గీసినప్పుడు, ఆయన మనసులో ఉన్నది ఇదేనా? అది తన ఊపిరికి ఎట్లా తెలుస్తుంది? గురూజీ ఊపిరికి మాత్రం ఎట్లా తెలుస్తుంది? తెలియాలంటే ఆ పెద్దమనిషి రాసినదాన్నే అడగాలి. ఇన్నాళ్ళూ అడగాలని తోచలేదు, అంతే. తోచేట్టు చేసింది ఆ పొద్దున.

గురూజీ ఇస్తానన్న తరగతి ఆమె తీసుకోలేదు. పొద్దున్నే వెళ్ళి కూర్చోవడమూ మానలేదు.

మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఈసారి ప్రతి వాక్యంలోనూ ఒకటే వెతికింది: ఇక్కడ ఊపిరిని ఎవరైనా ఆపుతున్నారా, లేక అది ఆగుతోందా? చాలా చోట్ల ఆపడమే. ముక్కు మూయమనీ, బిగించమనీ స్పష్టంగా ఉంది. శాస్త్రిబువా చెప్పింది నిజమే. ఒక్కోసారి ఆశ కొద్దీ లేని అర్థం లాగేది. మూడు వాక్యాలు పట్టుకుని పరుగెత్తుకెళితే, ఆయన మూడింటినీ నిమిషంలో తేల్చి పారేశాడు.

"ప్రతి పంక్తిలోనూ నీ ఊపిరే కనబడుతోంది నీకు" అన్నాడు. "మోఘేకూ అదే జబ్బు. అద్దం చూసుకోవడానికి గ్రంథం ఎందుకమ్మా?"

ఆమె పుస్తకాలు ఎత్తుకుని వెనక్కి వచ్చింది. ఆ రోజు ఆయన మీద కోపం రాలేదు. మూడూ నిజంగానే చెత్త.

హోళీ వెళ్ళాక ఒక పాత వ్యాఖ్యానంలో కుండ పోలిక దగ్గర ఆగింది. కుండలో నీళ్ళలాగా ప్రాణం ఉంటుంది కాబట్టి కుంభకం అన్నారు అని ఆ వ్యాఖ్యాత అంటాడు. ఎన్నోసార్లు చదివిన వాక్యమే. కుండ నీళ్ళను పట్టి ఉంచినట్టు ఊపిరిని పట్టి ఉంచడం అని శాస్త్రిబువా దగ్గరే పాఠం చెప్పించుకుంది. ఇప్పుడు చూస్తే వాక్యంలో పట్టి ఉంచేవాడెవడూ లేడు. ఆమె పుస్తకం పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"ఇక్కడ క్రియ ఎవరిది శాస్త్రిబువా?"

"ప్రాణానిది."

"ఏం చేస్తోంది ప్రాణం?"

"నిలుస్తోంది."

"ఎవరన్నా నిలుపుతున్నారా?"

ఆయన వాక్యాన్ని పైకి చదివాడు. వెనక వాక్యం చదివాడు, ముందు వాక్యం చదివాడు. డబ్బీ తీశాడు గానీ పొడి పీల్చడం మరిచిపోయి వేళ్ళ మధ్యే పట్టుకుని కూర్చున్నాడు. కింద వీధిలో కల్హయివాడు గిన్నెలకు తగరం పూస్తానని కేక వేసుకుంటూ పోయాడు.

"కుండలో నీళ్ళు తెచ్చి కింద పెడతాం" అంది ద్వారక మెల్లగా. "కాసేపు ఊగుతాయి. తర్వాత వాటంతట అవే నిశ్చలమవుతాయి. కుండ వాటిని నొక్కి పట్టదు. ఆయన చెప్పింది నీళ్ళ గురించి, కుండ బలం గురించి కాదు."

"నీళ్ళ సంగతి నాకు చెప్పకు, వ్యాకరణం చెప్పు."

"అకర్మకం. నిలపడమనే ప్రేరణార్థకం కాదు. వెనక వాక్యంలో, ముక్కు మూయమన్న చోట, ఆయనే ప్రేరణార్థకం వాడాడు. తేడా తెలిసే వాడాడు."

శాస్త్రిబువా ఎర్ర పెన్సిల్ పక్కన పెట్టి, సిరాకలం అందుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళు ఈ వాక్యం పాఠం చెప్పాను" అన్నాడు. "నాకు ఇది అడగాలని ఎప్పుడూ తోచలేదు. నీకు తోచడానికి ఆ మోఘే కారణమైతే ఆయనకో కొబ్బరికాయ ఇచ్చిరా. కానీ నేను ఒప్పుకుంటున్నది నీ ఊపిరిని కాదు, ఈ క్రియాపదాన్ని. అది గుర్తుపెట్టుకో."

"గుర్తుంటుంది శాస్త్రిబువా. నాకూ కావలసింది అదే."

అన్న మాట ప్రకారం ఆయనే రాశాడు. మొదటి అర్థం, ఊపిరిని బిగబట్టి ఉంచుట. రెండో అర్థం, ఊపిరి తనంతట నిశ్చలమై నిలుచుట. దాని కింద ఆ పాత వాక్యం. తర్వాత ఇంకో రెండు చోట్ల కూడా అదే ప్రయోగం దొరికింది. అవి వెతికింది శాస్త్రిబువాయే. దొరికిన రోజు పిల్లాడిలా ఆమె బల్ల దగ్గరికి పుస్తకం ఎత్తుకొచ్చాడు.

మర్నాడు బల్ల మీదికి వచ్చిన మాట 'కుంభకారుడు'. ద్వారక సైకిల్ తీసుకుని కసబా పేఠ్‌లో కుమ్మరివాడకు బయల్దేరింది.

"ఇక కుండలు కూడా చేస్తుందా?" అన్నాడు శాస్త్రిబువా కిటికీలోంచి చూస్తూ.

కుంభకం ఉన్న సంపుటం అచ్చయి వచ్చిన రోజు కచేరీ వాడా ముంగిట్లో చిన్న సభ పెట్టారు. సాబుదాణా వడలు, చహా. మోఘే గురూజీ పిలుపు అందుకుని వచ్చి రెండో వరసలో నిటారుగా కూర్చున్నాడు. ద్వారకను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె రెండే మాట్లాడింది. కూర్చోబోతుంటే బొంబాయి నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు లేచి, "అసలు యోగశాస్త్రం అర్థం కావాలంటే యోగం చెయ్యాలా అక్కర్లేదా? మీ అనుభవం చెప్పండి" అని అడిగాడు.

"చెయ్యకపోతే ఊపిరిని ఆపేదెవరన్న ప్రశ్న నాకు పుట్టేది కాదు" అంది ద్వారక. "చేశాను కదా అని జవాబు నా దగ్గర దొరకలేదు. జవాబు ఆ వాక్యంలో దొరికింది. ఆ వాక్యం చదవడానికి ఇరవై ఏళ్ళ చదువు కావలసివచ్చింది. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా రెండో అర్థం ఇవాళ ఈ పుస్తకంలో ఉండేది కాదు. మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు. ఏ చదువూ లేకుండా కూర్చుని తెలుసుకున్నవాళ్ళు ఉండొచ్చు. వాళ్ళు నిఘంటువులు రాయరు కాబట్టి మనకు తెలియదు."

జనం చప్పట్లు కొట్టారు. మోఘే గురూజీ లేచి నిలబడి, "ఈవిడ నా శిష్యురాలు" అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

"తప్పు" అన్నాడు శాస్త్రిబువా కుర్చీలోంచే. "నా శిష్యురాలు. పొద్దున పూట మీకు అద్దెకిచ్చాను."

"అయితే ఆ పొడి మానేసి మీరూ రండి. మిమ్మల్నీ చేర్చుకుంటాను."

"అకర్మకం అంటే ఏమిటో చెప్పండి, రేపే వస్తాను."

సభంతా నవ్వింది. ఆ ఇద్దరి మధ్య నిలబడి ద్వారక తల దించుకోలేదు. అట్లా నిలబడే హక్కు తనకు ఉందని ఆమెకు తెలుసు. బంగారు పతకం నాడు కూడా కలగని తృప్తి అది.

ఆ తర్వాత కూడా వానాకాలం ఉబ్బసం వస్తూనే ఉండేది, కాస్త తక్కువగా. ఆ పొద్దున జరిగింది మళ్ళీ కొన్నిసార్లు జరిగింది, చాలా రోజులు జరగలేదు. ఆమె దాని వెంట పడలేదు. శాస్త్రిబువా పోయాక శాస్త్రాల మాటలన్నీ ఆమె చేతికే వచ్చాయి. కొత్తగా చేరిన ఆడపిల్లలు ఏదన్నా తమకు తోచింది రాసుకొస్తే, వాక్యం చూపించమని అడిగేది. వాక్యం మాత్రమే చూపిస్తే, నీకేమనిపిస్తోంది అని కూడా అడిగేది.

అప్పట్లో ఆ సంపుటం అచ్చయి ఇంటికి తెచ్చిన రోజు మాత్రం కోకంబాయి దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. కుంకుమ అద్దింది. సాయంత్రం వాడాలో ఆడవాళ్ళంతా కొళాయి దగ్గర చేరాక, అంత బరువు పుస్తకాన్నీ చంకన పెట్టుకుని కిందికి దిగింది.

"మా ద్వారకా రాసింది" అంది పుట తెరిచి.

పక్కింటి జోగళేకర్‌వహినీ కళ్ళజోడు సర్దుకుని పుటంతా పైకీ కిందికీ వెతికింది. "పేరు ఎక్కడా లేదే కోకంబాయీ?"

"నిఘంటువులో పేర్లు వెయ్యరు. అంతమాత్రం తెలియదా?" అంది కోకంబాయి. "రెండోది చదువు. పైకి చదువు, అందరికీ వినబడాలి."